సర్టిఫికెట్ వచ్చేదాకా సాయం ఆగాలా?

1896లో బ్రిటిష్ వైద్యుడు ప్రింగిల్ మోర్గన్ 14 ఏళ్ల బాలుడి గురించి ఒక వైద్య పత్రికలో రాశారు. చురుకైనవాడు, ఆటల్లో తోటివారికి తీసిపోడు, చూపులో లోపం లేదు. అయినా తన పేరు పెర్సీని ‘ప్రెసీ’ అని రాశాడు. ఒకటికి రెండుసార్లు చెబితే గానీ తప్పు గమనించలేదు. చదువంతా నోటిమాటగా సాగితే బడిలో వీడే అందరికన్నా తెలివైనవాడని అతని ఉపాధ్యాయుడి అభిప్రాయం. ఇన్నేళ్లు గడిచినా అలాంటి పిల్లలకు దక్కుతున్న బిరుదులు రెండే: సోమరి, మొద్దు.

తెలివి ఉన్నా చదువు పట్టుబడనివ్వని ఇలాంటి ఇబ్బందులను అభ్యసన వైకల్యాలంటారు: చదవడంలో డిస్లెక్సియా, లెక్కల్లో డిస్‌కాల్క్యులియా, రాతలో డిస్‌గ్రాఫియా. ఒకే బిడ్డలో రెండు కలిసి ఉండటమూ మామూలే. అక్షరాలు తిప్పి రాయడమే డిస్లెక్సియా అన్న నమ్మకం మాత్రం పోవడం లేదు. కొత్తగా రాత నేర్చుకునే పిల్లలు చాలామంది అలా రాస్తారు. చిక్కు ఎక్కువగా మాటలోని ధ్వనులను విడదీసి పట్టుకోవడంలో ఉంటుంది. ‘పలక’లో ‘ప’ తీసేస్తే ఏం మిగులుతుందని అడగండి. తోటివారు ఆటగా చెప్పేసేది ఒక బిడ్డకు ఎన్నిసార్లు ఆడించినా అందకపోతే, పుస్తకం తెరవకముందే ఒక సూచన దొరికినట్టు. రాసినట్టే పలికే భాషల్లో మరో ఇబ్బంది ఉంది. ఇటాలియన్ పిల్లల్లో డిస్లెక్సియా తప్పుల కన్నా నత్తనడకగా కనిపిస్తుంది. తప్పుల్లేవు కదా అని టీచరు ఊరుకుంటే ఆ బిడ్డ ఎవరి కంటా పడడు.

గుర్తింపు పద్ధతే చాలాకాలం పిల్లల పాలిట శాపమైంది. ఐక్యూకూ మార్కులకూ మధ్య పెద్ద తేడా కనిపిస్తేనే వైకల్యం ఉన్నట్టు లెక్క. ఆ తేడా పెరగాలంటే బిడ్డ కొన్నేళ్లు వెనకబడాలి! అమెరికా 2004లో ఈ కొలమానం తప్పనిసరి కాదంది. మానసిక సమస్యల నిర్ధారణకు అమెరికా మనోవైద్యుల సంఘం వెలువరించే కరదీపిక డీఎస్‌ఎం-5 2013లో దాన్ని వదిలేసి, తగిన సాయం అందించినా కనీసం 6 నెలలు ఇబ్బంది కొనసాగిందా అని చూడమంది. అంటే సాయం ముందు, నిర్ధారణ తర్వాత. చాలా బడులు దీన్ని తలకిందులు చేసి, ముందు వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ తెమ్మంటున్నాయి.

పరీక్షల్లో ఈ పిల్లలకు అదనపు సమయం ఇస్తే మిగతావారికి అన్యాయమన్న వాదన నాకు మింగుడుపడదు. చరిత్ర పరీక్ష కొలవాల్సింది చరిత్రనే, చదివే వేగాన్ని కాదు. అయితే ప్రశ్నపత్రం చదివి వినిపించడంతో తమ పని అయిపోయిందనుకునే బడులూ ఉన్నాయి. ఆ వెసులుబాటు పరీక్ష గట్టెక్కిస్తుందే గానీ చదవడం నేర్పదు. ధ్వనికీ అక్షరానికీ ఉన్న లంకెను ఒక క్రమంలో, విసుగు లేకుండా రోజూ నేర్పే ఉపాధ్యాయుడు పరీక్షలయ్యాక కూడా కావాలి.