తాతయ్యకి సమన్లు

మా తాతయ్య పోయి పదిహేనేళ్ళు దాటింది, అయినా మొన్న ఆయన మీద కోర్టులో దావా పడింది. విజయనగరం జిల్లాలోనే ఒక చిన్న మునిసిపాలిటీలో ఆయన కట్టిన పెంకుటిల్లుంది, దాని ఇంటిపన్ను బకాయి కోసం. సమన్లు పట్టుకొచ్చిన కోర్టు మనిషి గుమ్మంలో నిలబడి "ప్రతివాది ఉన్నారాండి?" అంటే మా పెదనాన్న గోడ మీద దండేసిన ఫోటో చూపించి "ఉన్నారు గానీ సంతకం పెట్టరు" అన్నాడు.

ఆదివారం అందరూ విజయనగరంలో మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర పెదనాన్న ఇంట్లో చేరారు. పెద్దకొడుకు కాబట్టి పెదనాన్న కడుతున్నాడని చిన్నాన్న అనుకున్నాడు. వీధి గది టిఫిన్ హోటల్‌కిచ్చి అద్దె తింటున్నది చిన్నాన్న కాబట్టి వాడే కడుతున్నాడని పెదనాన్న అనుకున్నాడు. మా నాన్న అసలేమీ అనుకోలేదు, ఆయనకి అలవాటు లేదు. డిమాండ్ నోటీసులు మాత్రం ఏటా వచ్చాయట, హోటల్ అబ్బాయి వాటిని కరెంటు బిల్లులతో పాటు మేకుకి గుచ్చి భద్రంగా దాచాడు. ఎవరూ అడగలేదు, వాడూ చెప్పలేదు.

వకీలు గారు కాగితాలు తిరగేసి "చనిపోయిన మనిషి మీద వేసిన దావా చెల్లదండీ" అన్నారు. చిన్నాన్న వెంటనే "వకీలు గారికి కాఫీ!" అని కేకేశాడు. కాఫీ వచ్చేలోపు ఆయన మిగతాది కూడా చెప్పేశారు: మనిషి పోయినా పన్ను పోదు, వారసుల పేర్లు పెట్టి మళ్ళీ వేస్తారు, బకాయి ఇంటి మీదే మొదటి భారం, ఇల్లు ఎవరి చేతికెళ్తే వాళ్ళతోనే వస్తుంది, పైగా నెలకి 2 శాతం వడ్డీ. అంటే ఏడాదికి 24! బ్యాంకులో మన డిపాజిట్‌కి ఏనాడైనా ఇచ్చారా అంత? పెదనాన్నకి టెన్షన్ పట్టుకుంది, "నా పెన్షన్ జప్తు చేస్తారేటండి?" అని. గవర్నమెంటు పెన్షన్ జప్తు కాదని, వారసుల బాధ్యత తమకి దక్కిన ఆస్తి మేరకేనని విన్నాకే ఆయన కాఫీ ముట్టాడు.

ఇక అక్కడి నుంచి మొదలయింది త్యాగాల పోటీ. తాతయ్య పదకొండో రోజున పెరట్లో కొబ్బరిచెట్టు ఎవరిదని అరుచుకున్న అన్నదమ్ములే "నా వాటా కూడా నువ్వే ఉంచుకోరా" అని ఒకరినొకరు బతిమాలుకుంటున్నారు. ఎవరూ ఉంచుకోకపోయేసరికి ముగ్గురికీ ఒకేసారి శ్రీకాకుళంలో ఉన్న మా అత్త గుర్తొచ్చింది. పెళ్ళయిన ఆడపిల్లకి వాటా ఏటని ఇన్నేళ్ళూ అన్న పెదనాన్నే స్పీకర్ ఆన్ చేసి, గొంతులో తేనె పోసుకుని, "1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం నాన్న స్వార్జితంలో నీకూ మాతో సమానంగా వాటా ఉందమ్మా" అన్నాడు.

"ఇన్నాళ్ళూ ఏటయిపోనాది అన్నయ్యా ఆ చట్టం?" అంది అత్త. తర్వాత కాసేపు ఆలోచించి, "సరే, పన్నులో నాలుగో వంతు కడతాను, అద్దెలో నాలుగో వంతు లెక్క తీయండి, నాన్న పోయిన దగ్గర్నుంచి" అంది. చిన్నాన్నకి ఉన్నట్టుండి సిగ్నల్ సరిగా అందలేదు.

వారం తిరగకుండా అత్త వచ్చి బకాయి వడ్డీతో సహా మొత్తం కట్టేసింది. ఏప్రిల్ నెల కదా, నెలాఖరులోగా ఈ ఏడాది పన్నంతా ఒకేసారి కడితే ఇచ్చే 5 శాతం రాయితీ కూడా వదల్లేదు. రసీదులు పర్సులో పెట్టుకుని, హోటల్లో రెండు ఇడ్లీలు తిని, అబ్బాయి దగ్గర అద్దె ఎంతో కనుక్కుని బస్సెక్కేసింది.

పన్ను కట్టినంత మాత్రాన ఇల్లు వాళ్ళదైపోదని వకీలు గారు ఎంత చెప్పినా ముగ్గురికీ నిద్ర పట్టడం లేదు. మా వాటా డబ్బు తీసుకోమ్మా అని రోజూ ఫోన్లు. అత్త మాత్రం చాలా ప్రేమగా, "మీరు నాకు పరాయోళ్ళేటి, తర్వాత చూసుకుందాం లెండి" అంటోందట.