కాశీకి దారి బీరువాలో ఉంది

కాశీకి వెళ్లే దారి, బండ్లు, బస ముందే చూసుకుందామని మా శాఖా గ్రంథాలయానికి వెళ్లాను. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కట్టేవాడికి ఆపాటి హక్కు ఉంటుందని నా ధీమా. యాత్రల పుస్తకం అడగ్గానే గ్రంథపాలకుడు ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చరిత్ర తెచ్చి చేతిలో పెట్టారు. గ్రంథం అమూల్యమే గాని, ఆయన 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి పల్లకీలో బయలుదేరి మరుసటి ఏడు సెప్టెంబరుకు ఇల్లు చేరారు. మా ఆఫీసులో అంత సెలవు ఇవ్వరు. తర్వాత దుమ్ము దులిపి ఇచ్చిన రైల్వే టైంటేబులులో బండ్ల నంబర్లన్నీ నాలుగంకెలవి. 2010 డిసెంబరులోనే అవి ఐదంకెలయ్యాయని మనవి చేస్తే, "ఇండెంటు పెట్టామండీ, రావాలి" అన్నారు.

ఇక మిగిలింది భారతదేశ పటం. గుడ్డ మీద అతికించి, పైనా కిందా కర్రబద్దలు బిగించిన ఆ పటం ఏళ్ల తరబడి చుట్టలోనే ఉండడం వల్ల, పత్రికల బల్ల మీద ఎంత పరిచినా మళ్లీ చుట్ట చుట్టుకుపోయేది. కన్యాకుమారి మీద సభ్యుల రిజిస్టరు పెట్టాం. కాశ్మీరం మీద మోచెయ్యి ఆనించడానికి, సంపాదకీయం చదువుకుంటున్న ఒక విశ్రాంత మాస్టారు దయతో ఒప్పుకున్నారు గాని, ఊరికే ఆనించలేదు. "ముందు ప్రయాగ, తర్వాత కాశీ, ఆపైన గయ, వరస తప్పితే ఫలం దక్కదు నాయనా" అని మొదలుపెట్టారు. ఆ మాటతో క్రికెట్ పేజీ చదివేవారు, ఉద్యోగ ప్రకటనలు రాసుకునే కుర్రవాళ్లు సైతం లేచి వచ్చి, ఇటార్సీ మీదుగా వెళ్లాలని కొందరు, కాదని కొందరు, "నిశ్శబ్దం పాటించండి" అన్న బోర్డు కిందే వాదులాడుకున్నారు. సన్నక్షరాలు దగ్గరగా చదువుదామని నేను కళ్లజోడు తీసి, ఖాళీగా కనిపించిన బంగాళాఖాతంలో పెట్టి, వేలితో జబల్‌పూరు దాటి మొగల్‌సరాయి దాకా వచ్చాను. ఆ పేరు 2018లోనే మారింది, పటానికి ఇంకా తెలియదు. సరిగ్గా అప్పుడే మాస్టారు పేజీ తిప్పడానికి మోచెయ్యి ఎత్తారు. హిమాలయాలు ఒక్క దూకులో వచ్చి నా ముక్కుకు తగిలాయి.

పదకొండు కొట్టడంతో అటెండరు పటాన్ని పురికొసతో బిగించి, బీరువాలో పెట్టి, తాళం వేసి, సైకిలెక్కి వెళ్లిపోయాడు. కళ్లజోడు కోసం బల్లంతా తడిమిన తర్వాత గాని బంగాళాఖాతం గుర్తు రాలేదు. తాళంచెవి అటెండరు దగ్గరే ఉంటుందట.

"సాయంత్రం అతను రాడండీ, రేపు శుక్రవారం, సెలవు" అన్నారు గ్రంథపాలకుడు, నా సంతకం కోసం సందర్శకుల పుస్తకం ముందుకు జరుపుతూ.