0402 కెపాసిటర్ గారికి బహిరంగ లేఖ

విద్యుదావేశాన్ని కాస్త దాచిపెట్టుకునే మహారాజశ్రీ 0402 సిరామిక్ కెపాసిటర్ గారికి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గానీ, మధ్యాహ్నం రెండున్నరకు సర్క్యూట్ బోర్డుకు టంకం వేయబోతుంటే నా ట్వీజర్ల మొనల మధ్య నుంచి టిక్కుమని ఎగిరిపోయిన తమరు ఎక్కడున్నారో తెలియనిదే తమ క్షేమం గురించి ఏమని రాయను?

మిల్లీమీటరు పొడవూ అందులో సగం వెడల్పూ ఉన్న తమ కోసం చెంప నేలకు ఆనించి, టార్చిలైటును పక్కకు వాల్చి, ధూళికణానికి కూడా నీడ పడేటట్టు చూస్తూ గంటన్నర పాకాను. ఉపాయం ఫలించింది. చిక్కల్లా ఇద్దరు దొరకడమే.

ఇద్దరిదీ అదే గోధుమ రంగు, అదే కొలత. ఒకరు నాకు కావలసిన 100 నానోఫారడ్ల సామర్థ్యంవారు, మరొకరు ఏనాటివారో, ఎంతటివారో. సాటి రెసిస్టరు 0805 సైజులో ఉంటే నెత్తి మీద 103 (పది, పక్కన మూడు సున్నాలు) అని రాసుకుని తాను పదివేల ఓములని చెప్పుకుంటుంది. తమ ఒంటి మీద మాత్రం అక్షరం ముక్క లేదు. చోటు చాలలేదని సర్దిచెప్పుకుందామంటే, 1206 సైజు పెద్దన్నలు సైతం ఎక్కువగా తమలాగే బోసిగా తిరుగుతారు కదా! సరే, మల్టీమీటరుతో అడుగుదామని ప్రోబులు ఆనించగానే ఇద్దరిలో ఒకరు మళ్ళీ ఎగిరారు. ఎవరో అడగకండి.

సైజును బట్టి పెట్టిన తమ పేరు సంగతి చెప్పనే అక్కర్లేదు. అంగుళాల లెక్కలో 0402 తమరు, మిల్లీమీటర్ల లెక్కలో 0402 తమకంటే బుల్లివారు, ఆర్డరు పెట్టిన పాపం నాది. ట్వీజర్లకు కాస్త అయస్కాంత గుణం అంటిందా, తమ కొనల మీది నికెల్ పూతతో వాటిని పట్టుకుని బోర్డు మీది రాగి ప్యాడు మీద దిగనే దిగరు. హాట్ ఎయిర్ కింద ఒక కొన దగ్గరి టంకం ముందు కరిగితే చాలు, తలతన్యత లాగిన వైపుకు నిట్టనిలువుగా లేచి నిలబడతారు.

మిగిలినవారిని టేపు మీద అతికించి కొలిచాను. పది నానోఫారడ్లు.

ఇక తమరూ గిమరూ చాలు. ఎక్కడున్నావురా? కొన్న పదిమందిలో ఆఖరివాడివి నువ్వు. నువ్వు పక్కన లేకపోతే బోర్డును నడిపే ఆ మైక్రోకంట్రోలరు చిప్పు, మోటారు కదిలినప్పుడల్లా రీసెట్ అవుతోంది. టంకం బాగా అంటడానికి ఫ్లక్సు పూసిన రెండు ప్యాడ్లు నీ కోసం అలాగే ఉన్నాయి. రేపు పొద్దున గది ఊడ్చేలోపు బయటపడు.

ఇట్లు,
ఇంకా నేల మీదే ఉన్నవాడు