ఇంటి ముందున్న సమాధే ఆ ఊరి పట్టా

బాలి నుంచి చిన్న విమానంలో గంట పైచిలుకు ప్రయాణిస్తే సుంబా దీవి వస్తుంది. ఇండోనేషియాలో తూర్పు నుసా తెంగారా అనే ప్రావిన్సులో ఉంది. విస్తీర్ణం సుమారు 11 వేల చదరపు కిలోమీటర్లు. కొన్నేళ్లుగా ఈ దీవి మీద రియల్ ఎస్టేట్ ప్రకటనలు ఆన్‌లైన్లో బాగా తిరుగుతున్నాయి. ముప్పై ఏళ్ల కిందటి బాలి ఇలాగే ఉండేదని, ఇప్పుడు కొన్నవాళ్లదే లాభమని వాటిలో చెబుతారు. అక్కడ స్థలాల ధర 'అరె' లెక్కన ఉంటుంది. ఒక అరె అంటే 100 చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు 120 గజాలు. ఫొటోల్లో తెల్లని ఇసుక, కొబ్బరి చెట్లు, అలల్లో పరిగెత్తే గుర్రాలు కనిపిస్తాయి. ఊరు మాత్రం కనిపించదు. నా అభ్యంతరమంతా అక్కడే మొదలవుతుంది.

నైరుతి తీరంలో కోడి ప్రాంతంలో రాతెంగారో అని ఒక ఊరుంది. ఇళ్ల పైకప్పులు శిఖరాల్లా 15 మీటర్ల దాకా లేస్తాయి. అంతా వెదురు, కలప, గడ్డి. ఇంటి కింద పందులు, కోళ్లు. మధ్య అంతస్తులో మనుషులు, నడిమధ్యన పొయ్యి, దాని చుట్టూ నాలుగు పెద్ద స్తంభాలు. ఆ పైన, శిఖరం లోపల, వంశపు నగలు, పాత వస్తువులు దాస్తారు. పెద్దలు ఉండే చోటు అదేనని నమ్మకం. పెద్దల ఆత్మల్ని కొలిచే ఈ మతం పేరు మరాపు. గోడలకు వరసగా దున్నపోతు కొమ్ములు వేలాడుతుంటాయి. ఏ చావుకు, ఏ పండక్కి ఎన్ని దున్నల్ని బలిచ్చారో ఆ కొమ్ములే లెక్క చెబుతాయి.

ఇళ్ల ముందు, వాకిట్లోనే సమాధులు. పెద్ద పెద్ద రాతి పలకలు. పాత రోజుల్లో ఒక్కో పలకను గని నుంచి ఊరికి తేవడానికి వందల మంది తాళ్లు కట్టి రోజుల తరబడి లాగేవారు. లాగినన్నాళ్లూ వాళ్లందరికీ ఆ కుటుంబమే భోజనం పెట్టేది. ఇప్పుడు అదే పలక మీద ధాన్యం ఆరబోస్తారు, పిల్లలు ఎక్కి కూర్చుంటారు. మనకు శ్మశానం ఊరి బయట ఉంటుంది కాబట్టి ఇది వింతగా అనిపించొచ్చు. వాళ్లకు మాత్రం చనిపోయిన తాత ఇంకా ఇంటి మనిషే.

సుంబాలో భూమి గురించి మాట్లాడాలంటే ఈ రాళ్ల దగ్గరే మొదలుపెట్టాలి. ఏ సమాధిలో ఎవరున్నారో తెలిస్తే ఆ నేల ఏ 'కబిసు'దో తెలుస్తుంది. కబిసు అంటే వంశం. వాగు దాకా మాది, ఆ చెట్టు అవతల వాళ్లది అనే హద్దులు పెద్దల జ్ఞాపకంలోనే ఉంటాయి. భూమిలో చాలా భాగం వంశానికి ఉమ్మడిది. సాగు చేసుకునే హక్కు కుటుంబానికి ఉంటుంది కానీ అమ్మే హక్కు ఒక్కడిది కాదు. కొనేవాడు అడిగేది మాత్రం ఒక్క సంతకం. ఆ సంతకం పెట్టే మనిషి ఎక్కడో ఒకచోట దొరుకుతాడు. తగువులన్నీ అక్కడే పుడుతున్నాయి.

అయితే ఊరి జీవితం పోస్టు కార్డులా ఉంటుందని నేను చెప్పను. దీవి తూర్పు భాగంలో ఏడాదిలో సగానికి పైగా వాన ఉండదు, కొండలన్నీ ఎండు గడ్డి. మొక్కజొన్న, కర్రపెండలం మీద బతికే ఇళ్లు చాలా ఉన్నాయి. నీళ్ల కోసం ఆడవాళ్లు, పిల్లలు దూరాలు నడుస్తారు. ఇండోనేషియాలో మలేరియా బెడద ఎక్కువగా ఉన్న చోట్లలో ఇదొకటి. దానికి తోడు 'బెలిస్', అంటే పెళ్లికొడుకు తరఫువాళ్లు పెళ్లికూతురి ఇంటికి ఇచ్చుకునే కన్యాశుల్కం. దున్నలు, గుర్రాలు, మామోలి అనే లోహపు ఆభరణాలు ఇవ్వాలి. బదులుగా అటువైపు నుంచి పందులు, నేత గుడ్డలు వస్తాయి. పెద్దింటి పెళ్లయితే పశువులు పదుల్లో ఉంటాయి. ఒక పెళ్లి, ఒక చావు, పిల్లల కాలేజీ ఫీజు ఒకే ఏడాది వచ్చిపడితే, సముద్రం ఒడ్డున పంట పండని ఇసుక నేలకు డబ్బిస్తామన్న మనిషి దేవుడిలా కనిపిస్తాడు. అమ్మేవాళ్లని తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు.

మనకూ ఈ దీవికీ ఒక పోగు బంధం ఉంది. పోచంపల్లి చీరల్ని 'ఇకత్' అంటాం కదా, ఆ మాట మలయ్, ఇండోనేషియా భాషల నుంచి వచ్చింది. ముడివేసి కట్టడం అని అర్థం. నూలును ముందే ముడులు కట్టి, రంగులో ముంచి, తర్వాత నేస్తారు. తూర్పు సుంబాలో 'హింగి' అనే మగవాళ్ల దుప్పటి ఇలాగే తయారవుతుంది. నీలిమందు నీలం, మన తొగరు చెట్టు జాతికే చెందిన చెట్టు వేళ్ల నుంచి తీసిన ఎరుపు. గుర్రాలు, మొసళ్లు, జింకలు, తలకాయలు తగిలించిన చెట్టు అందులో బొమ్మలు. ఒక మంచి దుప్పటికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. చావు ఇంట్లో శవానికి చుట్టేదీ ఈ గుడ్డే.

ఇక చట్టం సంగతి. ఇండోనేషియా 1960 భూచట్టం ప్రకారం పూర్తి యాజమాన్య హక్కు, అంటే 'హక్ మిలిక్', ఆ దేశ పౌరులకే. విదేశీయుడు స్థానికుడి పేరున కొని వెనక ఒప్పందం రాసుకుంటే ఆ బదిలీ చెల్లదు, భూమి ప్రభుత్వానికి పోతుంది. అయినా 'నామినీ' పేరుతో ఈ దందా నడుస్తూనే ఉంది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో 1/70 చట్టం ఉండగా గిరిజనుడి పేరు మీద బినామీగా భూములు నడిపిన కథ తెలిసినవాళ్లకు దీన్ని వివరించనక్కర్లేదు. విదేశీయులకు చట్టబద్ధంగా మిగిలింది లీజు, లేదా వాడుకునే హక్కు. 2021 నిబంధనల ప్రకారం రెండోది 30 ఏళ్లకు ఇచ్చి, 20 ఏళ్లు పొడిగించి, మరో 30 ఏళ్లకు పునరుద్ధరించవచ్చు. సముద్రపు పోటు గరిష్ఠంగా చేరే గీత నుంచి నేలవైపు కనీసం 100 మీటర్ల తీరం రక్షిత ప్రాంతం. సముద్రాన్ని ఆనుకుని విల్లా అని ప్రకటన చూస్తే ముందు ఈ లెక్క అడగాలి.

పర్యాటకం మంచి చేయలేదా అంటే, చేసింది. 1988లో ఒక జంట పశ్చిమ తీరానికి వచ్చి మొదలుపెట్టిన నిహివాతు రిసార్టు ఇప్పుడు నిహి సుంబా. 2016, 2017ల్లో ఒక ప్రముఖ ట్రావెల్ పత్రిక పాఠకులు దాన్ని ప్రపంచంలోనే మేటి హోటల్‌గా ఎన్నుకున్నారు. దానితో ముడిపడిన ఫౌండేషన్ ఊళ్లలో బావులు తవ్వించింది, మలేరియా క్లినిక్కులు పెట్టింది. ఉద్యోగాలూ వచ్చాయి. కానీ అదే తీరంలో మరోసి బీచ్ దగ్గర 2018 ఏప్రిల్లో పోలీసు బందోబస్తు పెట్టి ఒక కంపెనీ స్థలం కొలతలు వేస్తుంటే ఊరివాళ్లు అడ్డుపడ్డారు. కాల్పుల్లో ఒక రైతు చనిపోయాడు. ఆ భూమి తమదని కంపెనీ, తాము అమ్మలేదని ఊరివాళ్లు. ఎన్ని బావులు తవ్వినా ఆ ఒక్క చావును నేను పక్కన పెట్టలేను.

నా ఉద్దేశంలో సుంబా తీరంలో వ్యక్తుల పేర్లతో ముక్కలుగా పట్టాలివ్వడాన్ని ఆపి, ముందు వంశాల ఉమ్మడి భూమిని వంశాల పేరుతోనే నమోదు చేయాలి. ఇండోనేషియా రాజ్యాంగం సంప్రదాయ సమాజాల హక్కుల్ని గుర్తించింది. 2017లో రాజ్యాంగ న్యాయస్థానం మరాపు లాంటి స్థానిక విశ్వాసాలను గుర్తింపు కార్డులో రాసుకోనిచ్చింది. పిటిషనర్లలో ఒకరు సుంబావాసే. కార్డు మీద నమ్మకానికి చోటిచ్చిన ప్రభుత్వం, ఆ నమ్మకం నిలబడిన నేలకూ కాగితం ఇవ్వాలి. ఆ తర్వాత లీజుకివ్వాలో వద్దో, ఎంతకివ్వాలో, సమాధుల దాకా దారి ఎలా ఉంచాలో వంశమే తేల్చుకుంటుంది. లీజయితే మనవల కాలానికైనా నేల వెనక్కొస్తుంది.

ఆ లోపు ఎవరైనా స్థలం చూడటానికి వెళ్తే, బ్రోకరు కారులో బీచ్ వరకు వెళ్లి తిరిగొచ్చేయకూడదు. ఊళ్లోకి వెళ్లాలి. వరండాలో కూర్చోబెట్టి ముందుగా తాంబూలం బుట్ట పెడతారు. వక్క, సున్నం మనలాగే, కానీ తమలపాకు బదులు ఆ తీగ కాసే సన్నని కంకి ఉంటుంది. దాన్ని తీసుకోకుండా మాట మొదలుపెట్టడం అమర్యాద. నమిలి, నోరు ఎర్రబడ్డాక, ఈ స్థలం ఎవరిదని అడిగితే ఒక్కరే జవాబు చెబుతారో, వరండాలో ఉన్నవాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకుంటారో అక్కడే తెలిసిపోతుంది.