ఆర్వో ప్లాంటు పెట్టినంత మాత్రాన కంపెనీ బాధ్యత తీరిపోతుందా?

తిరుపతి, చిత్తూరు జిల్లాల ఉద్యోగుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం కొన్నాళ్లుగా తెగ తిరుగుతోంది. రాసిందెవరో పేరు లేదు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: మన ప్రాంతంలోని ఇంజనీరింగ్ కంపెనీలు సొంత లాభంలోంచి తీసి ఊళ్లకు ఆర్వో ప్లాంట్లు, బడులకు బెంచీలు దానం చేస్తున్నాయి. ఉద్యోగులకు క్యాంటీన్ పెట్టి కడుపు చూస్తున్నాయి. కంపెనీ అంటే ఒక కుటుంబం, కుటుంబంలో ఫిర్యాదులూ కమిటీలూ ఉండవు. ఆదివారం కూడా వచ్చి మొక్కలు నాటే ఉద్యోగులే అందుకు సాక్ష్యం. ఓవర్‌టైమ్ అనీ చట్టం అనీ గొంతెత్తేవాళ్ల వల్ల రేపు ఫ్యాక్టరీలన్నీ తమిళనాడుకు తరలిపోతాయి.

రేణిగుంట వైపు ఒక యంత్రభాగాల ఫ్యాక్టరీలో నేను మెయింటెనెన్స్ పని చేశాను. ఈ సందేశం నాకు పంపినవాళ్లలో అక్కడ నాతో షిఫ్టులు చేసిన పిల్లలూ ఉన్నారు. వాళ్లు మనస్ఫూర్తిగా నమ్మి పంపారు. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

ముందు ఆ దానం సంగతి. 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ అని ఒకటుంది. నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, ఈ మూడింటిలో ఏ ఒక్కటి అందుకున్న కంపెనీ అయినా గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టి తీరాలి. మనం సీఎస్ఆర్ అంటున్నది దీన్నే. 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. సగటు లాభం 50 కోట్లుంటే కోటి రూపాయలు పెట్టాలన్నమాట. మొదట్లో ఖర్చు పెట్టకపోయినా నివేదికలో కారణం రాసేస్తే సరిపోయేది. 2021 జనవరి 22 నుంచి ఆ వెసులుబాటు కూడా పోయింది. మిగిలిన డబ్బు ఆరు నెలల్లోగా ప్రభుత్వం సూచించిన నిధికి జమ కావాలి. ఇంకా నడుస్తున్న ప్రాజెక్టుదైతే ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో విడి బ్యాంకు ఖాతాలో వెయ్యాలి. వెయ్యకపోతే ఆ మొత్తానికి రెట్టింపు గానీ కోటి రూపాయలు గానీ, ఏది తక్కువైతే అంత జరిమానా. ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఊళ్లకు ప్రాధాన్యం ఇవ్వమన్నదీ ఆ సెక్షనే.

ఆ నీళ్లు మంచివి కావని నేననడం లేదు. బోరు నీళ్లు ఉప్పగా వచ్చే ఊళ్లో ఆర్వో ప్లాంటు ఎంత పెద్ద విషయమో బిందె మోసిన ఆడవాళ్లకు తెలుసు. చట్టం చెప్పినదానికంటే ఎక్కువ పెట్టే యజమానులూ ఉన్నారు, వాళ్లను మెచ్చుకుందాం. కానీ చట్టం పెట్టించిన ఖర్చును దానం అనడం తప్పు. దానం అనగానే తీసుకున్నవాడు తలవంచాలి, లెక్క అడగకూడదు. ఇది లెక్క అడగాల్సిన డబ్బు. ఫిల్టర్లు మార్చడానికి డబ్బు లేక మూలపడ్డ ప్లాంటు మీ ఊళ్లో ఉంటే, అది ఏ ఏడాది ఖర్చులో చూపించారో, నిర్వహణ ఎవరి బాధ్యతని రాసుకున్నారో అడిగే హక్కు మీకుంది.

ఊరికి ఇంత చేసే కంపెనీ తన మనుషులను బాగానే చూసుకుంటుంది కదా అనేది ఆ సందేశం అడుగున ఉన్న నమ్మకం. ఇందులో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. సీఎస్ఆర్ డబ్బును సొంత ఉద్యోగుల మేలుకు వాడినా అది సీఎస్ఆర్ కింద లెక్కకు రాదని నిబంధనల్లోనే ఉంది. ఇతర చట్టాల ప్రకారం ఎలాగూ చెయ్యాల్సిన పనులనూ ఆ ఖాతాలో చూపించకూడదు. కాబట్టి సీఎస్ఆర్ పేజీ ఎంత తళతళలాడినా, ఇనుప రేకులను అదిమి భాగాలు చేసే ప్రెస్ షాపులో పనిచేసేవాడి వేళ్లు భద్రంగా ఉన్నాయో లేదో అది చెప్పదు. ఊరి మేలునూ ఉద్యోగుల భద్రతనూ కలిపి చూడమని చెప్పేవి వేరే ఉన్నాయి. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2019లో బాధ్యతాయుత వ్యాపారానికి తొమ్మిది సూత్రాలు ప్రకటించింది. అందులో మూడోది ఉద్యోగుల క్షేమం గురించే, సరఫరాదారుల దగ్గర పనిచేసేవాళ్లతో సహా. బాధ్యత అనే మాటను గేటు బయటికే పరిమితం చేసింది ఈ సందేశం రాసినవాళ్లు, ప్రభుత్వం కాదు.

క్యాంటీన్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 250 మందికి మించి కార్మికులుంటే క్యాంటీన్ పెట్టాలని రాష్ట్రాలు నియమం పెట్టడానికి 1948 ఫ్యాక్టరీల చట్టమే వీలు కల్పించింది. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ ఆ సంఖ్యను 100కు తగ్గించింది, కాంట్రాక్టు కార్మికులను కూడా కలిపి లెక్కపెట్టమంది. ఓవర్‌టైమ్‌కు రెట్టింపు జీతం పాత చట్టంలోనూ ఉంది, కొత్తదాంట్లోనూ ఉంది. ఈఎస్ఐ కూడా అంతే: 21,000 లోపు జీతానికి యజమాని 3.25 శాతం, ఉద్యోగి 0.75 శాతం కడతారు. తిరుపతి ఈఎస్ఐ ఆసుపత్రిలో చీటీ రాయించుకునే మనిషి తన జీతంలోంచి కూడా కట్టి వచ్చినవాడు.

ఇక కుటుంబం అనే మాట. దీని దగ్గర నేను కాస్త ఆగుతాను.

పవర్ ప్రెస్‌కు రెండు పుష్‌బటన్లు ఉంటాయి, రెండు చేతులతో ఒకేసారి నొక్కితేనే ర్యామ్, అంటే రేకును అదిమే పై భాగం, కిందికి దిగేలా. చేతులు రెండూ బటన్ల మీద ఉంటే డై, అంటే రేకును పెట్టే అచ్చు, మధ్యలో చెయ్యి ఉండే వీల్లేదు. ఇంతే దాని వెనక ఉన్న ఆలోచన. కొత్త ప్రెస్సుల్లో ఒక బటన్‌ను అలాగే నొక్కిపెట్టి ఉంచితే రెండో స్ట్రోక్ రాదు. పాతవాటిలో చాలావరకు ఆ ఏర్పాటు ఉండదు. ఒక నైట్ షిఫ్టులో ప్రెస్ ఆగిపోయిందని పిలిస్తే వెళ్లాను. ఎడమ బటన్‌లో చిన్న చెక్కముక్క దూర్చి, పైన నల్ల ఇన్సులేషన్ టేపు రెండు చుట్లు చుట్టి ఉంది. టేపు అంచులు నూనెకు జిడ్డుపట్టి ఉన్నాయి, అంటే ఆ రోజు పెట్టింది కాదు. కుర్రాడు కుడిచేత్తో బటన్ నొక్కుతూ ఎడమచేత్తో రేకుముక్కలు డైలో పెడుతున్నాడు. చెక్కముక్క పీకేశాను.

"అది తీసేస్తే కౌంట్ రాదు సార్. కౌంట్ రాకుంటే రేపట్నుంచి రావద్దంటాడు కాంట్రాక్టరు" అన్నాడు. కౌంట్ అంటే షిఫ్టులో ఇన్ని ముక్కలు చెయ్యాలని పెట్టిన లెక్క.

షిఫ్టు లాగ్‌బుక్‌లో ఉన్నదున్నట్టు రాశాను. మర్నాడు మా పైఅధికారి పిలిచి మెత్తగానే అన్నాడు: "మన ఇంటి విషయం బుక్కులోకి ఎందుకు ఎక్కించినావబ్బా? నాకు చెప్తే సరిపోయేది కదా." ఆయన చెడ్డమనిషి కాదు. నా పెళ్లికి వచ్చాడు, మా నాన్న పోయినప్పుడు వచ్చాడు. కానీ వారం తిరక్కముందే ఆ చెక్కముక్క మళ్లీ ఆ బటన్‌లోనే ఉంది.

కుటుంబం అనే మాట ఫ్యాక్టరీలో చేసే పని ఇది. రాయాల్సినదాన్ని రాయనివ్వదు. ప్రమాదం జరిగాక అందరూ ఆసుపత్రికి పరిగెడతారు, యాపిల్ పళ్లు తీసుకెళ్తారు, ఆ ప్రేమ నిజమే. జరగబోయి తప్పిపోయినవాటిని నమోదు చేసే రిజిస్టర్ మాత్రం ఖాళీగా ఉంటుంది. అది ఖాళీగా ఉండటం మంచి సంస్కృతికి గుర్తు అనుకునే యాజమాన్యాలు ఉన్నాయి. మెయింటెనెన్స్ చేసినవాడెవడూ అలా అనుకోడు. వందల మంది మూడు షిఫ్టుల్లో పనిచేసే చోట నెలంతా ఏమీ తప్పిపోలేదంటే ఎవరూ రాయడం లేదని అర్థం.

ఇంకో మాట. ఆ కుర్రాడు ఆ కుటుంబంలో ఉన్నాడా? అతని ఐడీ కార్డు రంగు వేరు. దసరా స్వీటు ప్యాకెట్ల జాబితాలో అతని పేరు లేదు. పర్మినెంటువాడు కౌంట్ తగ్గితే మాట పడతాడు, ఇతను పని పోగొట్టుకుంటాడు. అందుకే చెక్కముక్క ఎప్పుడూ కాంట్రాక్టు కుర్రాడి మెషిన్‌లోనే కనిపిస్తుంది. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యజమానే కట్టాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం నుంచీ ఉంది. ప్రాణాపాయం లేదా పెద్ద గాయం తప్పదనిపిస్తే యాజమాన్యానికి చెప్పి, అదే సమయంలో ఇన్‌స్పెక్టర్‌కూ తెలియజేసే హక్కు కొత్త కోడ్ ఉద్యోగికి ఇచ్చింది. ఇంజనీరింగ్ కంపెనీ సంస్కృతి ఎలాంటిదో తెలుసుకోవాలంటే నేను ఒక్కటే చూస్తాను: అందరికంటే తక్కువ జీతగాడు మెషిన్ ఆపి ఇది సరిగా లేదంటే, మర్నాడు అతనికి పని ఉంటుందా?

కమిటీలు ఉండవన్న మాట ఆడపిల్లల విషయంలో మరీ దుర్మార్గం. పది మంది పనిచేసే ఏ చోటైనా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం. దానికి అధ్యక్షురాలు మహిళే, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలే, ఒకరు బయటి వ్యక్తి. బయటి మనిషి ఎందుకంటే, ఇంటి పరువు పేరుతో నోరు నొక్కడం మనకు బాగా అలవాటు కాబట్టి. సత్యవేడు వైపు అసెంబ్లీ లైన్లలో పనిచేసే పల్లెటూరి ఆడపిల్లలు ఊరి నుంచి మొదటిసారి బయటికొచ్చి హాస్టళ్లలో ఉంటున్నారు. మనది కుటుంబం, ఇక్కడ కమిటీ ఎందుకని వాళ్లకు చెప్పడమంటే, ఉన్న ఒక్క తలుపూ మూసెయ్యడమే.

ఆదివారం మొక్కలు నాటడం మంచిదే. హాజరు వేస్తే మాత్రం అది పనిదినం, దానికి జీతమో బదులు సెలవో ఇవ్వాలి.

చివరిది, ఫ్యాక్టరీలు తరలిపోతాయన్న బెదిరింపు. సందేశంలో జనాన్ని నిజంగా భయపెట్టేది ఇదే, ఎందుకంటే ఇంటర్ అవ్వగానే బెంగళూరు, చెన్నై బస్సెక్కిన తరం మనది. కానీ నేను పైన చెప్పిన చట్టాలన్నీ కేంద్రానివే. శ్రీసిటీ నుంచి సరిహద్దు దాటి గుమ్మిడిపూండి వెళ్లినా, శ్రీపెరంబుదూరు వెళ్లినా, హోసూరు వెళ్లినా అవే వర్తిస్తాయి. కరకంబాడిలో బ్యాటరీలు, రాచగున్నేరిలో ఇనుప పైపులు, శ్రీసిటీలో ఇసుజు వాహనాలు, ఆల్‌స్టామ్ మెట్రో బోగీలు, ఇవన్నీ ఫ్యాక్టరీల చట్టం, అందులోని ఓవర్‌టైమ్ నియమం ఉండగానే వచ్చాయి. స్థలం, రోడ్డు, చెన్నై రేవులు దగ్గర, కరెంటు, చదువుకున్న పిల్లలు, ఫ్యాక్టరీ పెట్టేవాళ్లు చూసుకునేవి ఇవి. పెద్ద కంపెనీలకు మాల్ పంపే చిన్న యూనిట్లను అడగండి: ఆడిట్‌కు వచ్చినప్పుడు మెషిన్ గార్డులు, ఓవర్‌టైమ్ రిజిస్టర్లు, పీఎఫ్ చలానాలు తెరిపించి చూస్తారు. అవి సరిగా లేక ఆర్డరు పోతుందేమోనన్నది వాళ్ల దిగులు.

మనుషులు వెళ్లిపోవడం మాత్రం నిజం. డై సెట్ చెయ్యడం, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషిన్లకు ప్రోగ్రాం రాయడం ఇక్కడ నేర్చుకున్న పిల్లలు కాస్త చెయ్యి తిరగ్గానే చెన్నై దగ్గరున్న ఒరగడం ఊరి ఫ్యాక్టరీలకు వెళ్లిపోతున్నారు. వాళ్లలో నాకు తెలిసినవాళ్లు చెప్పే కారణం ఎప్పుడూ ఒకటే, అక్కడ ఓవర్‌టైమ్ గంటలు స్లిప్పులో కనిపిస్తాయి.

మార్కెట్ విలువలో మొదటి 1000 స్థానాల్లో ఉన్న లిస్టెడ్ కంపెనీలు, అంటే షేర్లు స్టాక్ మార్కెట్‌లో అమ్ముడయ్యేవి, 2022-23 నుంచి ఏటా ఆ మార్కెట్‌ను నియంత్రించే సెబీ చెప్పిన బాధ్యతా నివేదిక ఇవ్వాలి. అందులో గాయాలు, మరణాలు, పని పరిస్థితుల మీద వచ్చిన ఫిర్యాదులు అంకెలతో ఉంటాయి, ఉద్యోగులవి వేరు, కార్మికులవి వేరు. కంపెనీ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. ఈ సందేశం ఇంకా పంపాలనుకునేవాళ్లు తాము మెచ్చే కంపెనీ ఆ పేజీ కూడా జతచేసి పంపండి. లిస్టెడ్ కాని చిన్న యూనిట్ అయితే, లోపలికి వెళ్లినప్పుడు ప్రెస్ షాపు దాకా నడిచి ఎడమ బటన్ చూసి రండి.