జాతీయ కరువు అకాడమీకి దరఖాస్తులు కోరడమైనది

మోటివేషన్ వీడియోలు చేసేవాళ్లకి ఈమధ్య దత్తు భోకనల్ అనే రోయింగ్ (పడవ పందేల) ఆటగాడు దొరికాడు. ఇంకేముంది! వెనక వయొలిన్, ముందు ఎండిపోయిన బావి, మధ్యలో బరువైన గొంతు: "బావులు తవ్విన చేతులే ఒలింపిక్స్‌లో తెడ్డు పట్టాయి. పేదరికం శాపం కాదు, వరం!" ఆ గొంతు గలాయన జన్మలో గునపం పట్టి ఉండడని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

అయినా ఆ వాదనలో బలం లేదని నేననను. దత్తుది నాసిక్ జిల్లాలోని తళేగావ్, కరువు ప్రాంతం. తండ్రితో పాటు బావులు తవ్వాడు. ఆయన పోయాక ఇల్లు గడవడానికి పెట్రోల్ బంకులో పనిచేశాడు. 2012లో సైన్యంలో చేరితే, పుణెలో మనిషి పొడుగు చూసి పడవ ఎక్కించారు. మొదట్లో నీళ్లంటే భయపడేవాడట, పాపం నీళ్లని అంత మొత్తంలో ఎక్కడ చూశాడు గనక! నాలుగేళ్లు తిరిగేసరికి రియో ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున ఏకైక రోవర్. సింగిల్ స్కల్స్‌లో, అంటే ఒక్కడే రెండు తెడ్లతో లాగే పందెంలో, మొత్తమ్మీద 13వ స్థానం.

దీన్నిబట్టి రోయింగ్‌కి కావలసింది సరస్సు కాదనీ, సరస్సు లేకపోవడమనీ రుజువైంది. కాబట్టి ప్రభుత్వం జాగు చేయకుండా జాతీయ కరువు క్రీడా అకాడమీ పెట్టాలి. అనంతపురంలో పెడితే మనవాళ్లకీ నాలుగు సీట్లు వస్తాయి. సెలక్షన్లు ఎలా జరగాలో కూడా నేనే ఆలోచించి పెట్టాను.

"మీ బావి లోతెంత బాబూ?"

"డెబ్బై అడుగులండి."

"నీళ్లు?"

"వానాకాలంలో మోకాలి లోతు ఊరతాయండి."

కమిటీ ముగ్గురూ ముఖాలు చూసుకున్నారు. "ఇంత సౌకర్యంలో పెరిగినవాడు ఒలింపిక్ స్థాయికి రావడం కష్టం. మోటారుందా?"

"ఉండేదండి, అమ్మేశాం."

"శభాష్! అది రాసుకోండి. అప్పు?"

"బ్యాంకుదాండీ, బయటిదా?"

"బయటిదే. వడ్డీ ఎంత?"

"నూటికి మూడు రూపాయలండి."

"మూడేనా? ఇందాక వచ్చిన కుర్రాడిది ఐదు. సరే, వెయిటింగ్ లిస్టులో పెడతాం. నెక్స్ట్!"

తర్వాతి కుర్రాడు ఆరడుగుల నాలుగంగుళాలు, భుజాలు చూస్తే ముచ్చటేస్తుంది. కానీ వాళ్ల ఊరికి పోయినేడే కాలవొచ్చింది. కమిటీ ఛైర్మన్ తల పట్టుకున్నాడు. "ఎవరయ్యా ఈ పని చేసింది? నిక్షేపంలాంటి పతకం పోయింది కదా! ఇరిగేషన్ వాళ్లకి నోటీసివ్వండి."

వీడియోలో వినబడనివి కొన్నున్నాయి. దత్తుకి పడవ ఇచ్చింది కరువు కాదు, సైన్యం. జీతమిచ్చి, కడుపునిండా తిండి పెట్టి, కోచ్‌ని పెట్టి, రోజూ నీళ్ల మీదికి పంపింది. దానికి వయొలిన్ కుదరదు కాబోలు. రియో నాటికి వాళ్లమ్మకి ప్రమాదంలో తలకి దెబ్బ తగిలి, ఆమె కొడుకునే గుర్తుపట్టలేని స్థితిలో ఉంది. దానికి మాత్రం స్లో మోషన్ పెట్టారు!

వీడియో 2018 ఆసియా క్రీడలతో ఆగిపోతుంది. ఇండోనేషియాలోని పాలెంబాంగ్‌లో ముందురోజు సింగిల్ స్కల్స్ ఫైనల్లో దత్తు జ్వరంతో ఆఖరున వచ్చాడు. మర్నాడు స్వరణ్ సింగ్, ఓం ప్రకాశ్, సుఖ్‌మీత్ సింగ్‌లతో కలిసి నలుగురు లాగే క్వాడ్రపుల్ స్కల్స్‌లో బంగారం కొట్టాడు. జెండా, కన్నీళ్లు, లైక్, సబ్‌స్క్రైబ్.

2019 మార్చిలో ఏమైందో చెప్పరే? రోయింగ్ ఫెడరేషన్ అతణ్ని రెండేళ్లు నిషేధించింది. బంగారం తెచ్చినందుకు కాదు లెండి, ముందురోజు రేసు మధ్యలో కావాలనే వదిలేశాడని. రోయింగ్‌లో మనిషి గమ్యానికి వీపు పెట్టి కూర్చుంటాడు, రెండువేల మీటర్లూ వెనక్కి చూస్తూనే లాగుతాడు. ఈ ఆటలో మన పెద్దలు శ్రద్ధగా నేర్చుకున్నది ఆ ఒక్కటే.

ఒంట్లో బాగాలేదని మనిషి మొత్తుకుంటుంటే నిషేధమా? డోపింగ్ చేశాడా? ఆ రోజు ఊపిరి పోయేదాకా లాగి మర్నాడు ఆస్పత్రి మంచం మీద పడుంటే, ఆ క్వాడ్ పడవలో నాలుగో సీట్లో ఎవరు కూర్చునేవారు, ఫెడరేషన్ కార్యవర్గమా? బావి తవ్వేటప్పుడు చెయ్యి ఆగితే మేస్త్రీ ఒక పూట కూలి కోస్తాడు. వీళ్లు రెండేళ్ల బతుకు కోశారు. సిగ్గుండాలి.

2019 ఆగస్టులో ఆస్ట్రియాలో ప్రపంచ చాంపియన్‌షిప్స్ మొదలయ్యాయి. టోక్యో ఒలింపిక్స్ బెర్తుల్లో చాలా భాగం పంచింది అక్కడే. అప్పటికి దత్తు ఇంకా నిషేధంలోనే ఉన్నాడు. 2020 జనవరిలో పెద్దమనసు చేసుకుని నిషేధం ఎత్తేశారు. అదే ఏడాది ఆగస్టులో అర్జున అవార్డు కూడా వచ్చింది. టోక్యోకి మాత్రం దత్తు వెళ్లలేదు.

ఎత్తేశారు, సంతోషం. ఆస్ట్రియా రేసు మళ్లీ పెట్టిస్తారా?