నకాటా అంటే ఫొటోలేనా?

జపాన్ మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు హిదెతోషి నకాటాకి ఇన్‌స్టాలో ఇప్పటికీ ఇంత క్రేజ్ ఉండటానికి ఆ రంగు జుట్టు, కళ్లజోళ్లు, ఫ్యాషన్ షో ఫొటోలే కారణమన్నట్టు ఒక పోస్టులో రాశారు. సగమే ఒప్పుకుంటాను. (నేనూ మొదట చూసింది ఫొటోలే లెండి.)

2001 మేలో ఇటలీలోని టురిన్‌లో యువెంటస్ క్లబ్‌తో జరిగిన మ్యాచ్ క్లిప్ ఒక్కసారి చూడండి. అప్పట్లో నకాటా ఆడుతున్న క్లబ్ రోమా 2-0తో వెనకబడి ఉంది. అలాంటప్పుడు రోమా కెప్టెన్ టొట్టిని బయటికి పిలిచి నకాటాని దింపారు. టొట్టి అంటే అక్కడ దేవుడు! కాసేపటికే నకాటా చాలా దూరం నుంచి ఒక షాట్ కొట్టాడు, నేరుగా గోల్. చివర్లో సహ ఆటగాడు మాంటెల్లా రెండోది కొట్టి 2-2 చేశాడు. ఆ ఏడాది ఇటలీ లీగ్ టైటిల్ రోమాదే.

ఇంకో మాట వదిలేశారు. సోషల్ మీడియా ఇంతగా లేని రోజుల్లోనే అతనికి సొంత వెబ్‌సైట్ ఉండేది. పత్రికల వాళ్లతో పెద్దగా పడేది కాదు, చెప్పాల్సింది అభిమానులకు అందులోనే రాసేవాడు. 2006 ప్రపంచ కప్‌లో జపాన్ బ్రెజిల్ చేతిలో 4-1తో ఓడాక మైదానం మధ్యలో చాలాసేపు అలాగే పడుకుండిపోయాడు. కొద్ది రోజులకే రిటైర్మెంట్ ప్రకటన, అదీ ఆ సైట్‌లోనే. అప్పటికి వయసు 29. ఇప్పుడేమో జపాన్ సాకే (బియ్యంతో చేసే మద్యం) గురించి ప్రచారం చేస్తున్నాడు.